గేటు దగ్గర నర్సమ్మ ఏమంది

మా అత్తయ్య ఎవరినీ ‘నువ్వు’ అని తిట్టి ఎరగదు. పాలబ్బాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ మీరే, అందరికీ అండీయే. ఆ అండీ చాటున పెట్టి ఎక్కడ కొయ్యాలో అక్కడ కోసేది. ఎదురింట్లోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి పేరంటానికి వస్తే బొట్టు పెట్టి, గంధం రాసి, చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, “ఫోటోలో చాలా బాగున్నారండీ” అంది. అంతే. ఆ పిల్ల మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు. తర్వాత అత్తయ్యే వాళ్ళత్తగారిని పట్టుకుని, “మీ కోడలుగారు ఎందుకో మా ఇంటికి రావట్లేదండీ, మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందేమో” అని బెంగపడింది.

ఈమధ్యే పోయింది. వట్లూరులో పెద్దకర్మకి వచ్చినవాళ్ళంతా ఎంత మర్యాద, ఎంత మెత్తటి మాట అని చెప్పుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. నేను మాత్రం నోరు మెదపలేదు. ఆవిడ గురించి చెప్పడానికి నా దగ్గర ఉన్నవన్నీ ఒక వీడియో గేములో సంగతులు. కర్మ భోజనాల దగ్గర అవి చెప్తే నాకు మతి పోయిందనుకుంటారు.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. మాది తాడేపల్లిగూడెం. పదో తరగతి దాకా అక్కడ తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌కి ఏలూరు పక్కనే వట్లూరులో ఆవిడ ఇంట్లో ఉన్నాను. మావయ్యకి కొల్లేరు వైపు చేపల చెరువులు. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు. ఆవిడతో మాట్లాడి గెలిచినవాళ్ళు లేరు కనక ఆయన ఆ ప్రయత్నం ఎప్పుడో మానేశాడు. వాళ్ళబ్బాయి, అంటే మా బావ, విజయవాడలో హాస్టల్లో ఉండేవాడు. వెళ్ళేముందు అతని గేము పెట్టె అత్తయ్య లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. చదువు పాడైపోతుందని. ఒక ఆదివారం మధ్యాహ్నం దుమ్ము దులుపుదామని బయటికి తీసింది. మళ్ళీ బీరువాలోకి పోలేదు.

ఆవిడ ఆడేది కాదు. కంట్రోలర్‌ని రిమోట్ అనేది, దాన్ని ముట్టుకునేది కూడా కాదు. “ఆ బటన్లు నాకెందుకమ్మా, నువ్వు నొక్కు” అనేది. కాకపోతే కథంతా ఇంగ్లీషులో ఉండేది. కింద చిన్నచిన్న అక్షరాలు వచ్చి నేను కూడబలుక్కునేలోపు పోయేవి. అత్తయ్య డిగ్రీ దాకా ఇంగ్లీషు మీడియం. సౌండు ఉంటే తలనొప్పని టీవీ నోరు నొక్కేసి, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, ఆ అక్షరాలు చూస్తూ తెలుగులో చెప్పేది. నొక్కేది నేను, చెప్పేది ఆవిడ. ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళకి ఆట లేదు.

ఆ ఆటలో ఒక దేశం. పెద్ద చెరువు పొంగి ఊళ్ళన్నీ ఒక్కొక్కటిగా మునిగిపోతుంటాయి. మనం ఒక దేశదిమ్మరి. నీళ్ళు ఎందుకు పొంగుతున్నాయో కనుక్కుంటూ ఊరూరా తిరగాలి. దారిలో మనుషులు కలుస్తారు, కొందరు మనతో నడుస్తారు. వాళ్ళ అసలు పేర్లు అత్తయ్య నాకెప్పుడూ చెప్పలేదు. రాజుని ప్రెసిడెంటుగారు అంది. మన వెంట కత్తి పట్టుకుని తిరిగే ముసలి సైనికుణ్ణి కానిస్టేబులుగారు అంది. గాయాలకి పసరు రాసే పిల్లని నర్సమ్మ అంది. అందరూ మా జిల్లా భాషే మాట్లాడేవారు. కొండ మీద రాక్షసుడు గొడ్డలెత్తి అరిస్తే, “ఏవండీ, ఒక్కసారి తల ఇలా వంచుతారా” అని చెప్పింది అత్తయ్య. నేను నవ్వి చచ్చాను. ఆ నవ్వు కోసమే సాయంత్రం కాలేజీ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని.

ఆవిడకి యుద్ధాలు అక్కర్లేదు. యుద్ధం వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళి పోపు వేసుకుని వచ్చేది. ఎవరైనా ఏడవబోతున్నారంటే మాత్రం కదిలేది కాదు. “ఆగు, నొక్కకు. చెప్పనీ ఆయన్ని” అనేది. తనకి నచ్చిన ఘట్టం రాగానే అక్కడ సేవ్ చేయించేది. తర్వాత ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు, “ఆ భోజనాల సీను పెట్టమ్మా” అనేది.

భోజనాల సీనంటే ఇది. మొదట్లో మనం అడవిలో ఒక దొంగని చంపుతాం. చాలా దూరం వెళ్ళాక ఒక కమ్మరి మన కత్తికి పదును పెట్టి, ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వడ్డిస్తాడు. గోడ మీద బొమ్మ చూస్తే ఆ దొంగ ఆయన కొడుకు. ఆయనకి తెలుసు. అయినా వడ్డిస్తాడు. అప్పుడాయన అంటాడు, అత్తయ్య నోటితో: “తినండి బాబూ. మావాడికి పులుసంటే ప్రాణమండీ. మీరు పొడిచినప్పుడు వాడు ఏమైనా అడిగాడాండీ?” నా వేలు బటన్ మీద ఉండిపోయేది, నొక్కలేకపోయేదాన్ని. అత్తయ్య తెర చూడటం మానేసి నన్ను చూసేది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ చూసిన సీను అదేననిపిస్తుంది.

నాకు నర్సమ్మంటే ఇష్టం. నా వయసు పిల్ల, ఎక్కడ దెబ్బ తగిలినా ముందు తనే పరిగెత్తుకొచ్చేది. ఆ సంగతి అత్తయ్య కనిపెట్టింది. ఆట సగం దాటాక ఒక కోట గేటు దగ్గర నీళ్ళు తరుముకొస్తాయి. ఎవరో ఒకరు గేటు పట్టుకుని ఉంటే తప్ప మిగతావాళ్ళు దాటలేరు. నర్సమ్మ గేటుకి వీపు ఆనించి నిలబడి మనవైపు చూసి ఏదో అంటుంది. కింద రెండు మాటలు వస్తాయి, ఉండిపోవడమా, వెళ్ళిపోవడమా అని. అత్తయ్య నిదానంగా చదివింది. “‘ఇన్నాళ్ళూ గతిలేక మీ వెంట తిరిగానండీ. మీ మొహం చూస్తే నాకు కంపరం. ఇక్కడ మునిగిపోయినా నయమే, మీరు దయచెయ్యండి’ అంటోందమ్మా.” నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వెళ్ళిపోవడం నొక్కాను. గేటు పడింది, నీళ్ళొచ్చాయి. “మంచి పని చేశావు” అంది అత్తయ్య, తింటున్న ఉప్మాలోంచి కరివేపాకు తీసి పళ్ళెం అంచుకి పెట్టుకుంటూ.

ఆ గేటు సీను ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేది, పెళ్ళి ఆల్బమ్ చూపించినట్టు. పక్కింట్లో తివాచీల వ్యాపారం చేసే సాయిబుగారి భార్య ఉండేది. చాలా మంచావిడ. వాళ్ళ చిన్నమ్మాయి ఇంట్లో చెప్పకుండా ఎవరినో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చి కూర్చుంది. అత్తయ్య టీ ఇచ్చి, “మా అమ్మాయి ఒక మంచి బొమ్మ చూపిస్తుందండీ, కాస్త మనసు మారుతుంది” అని గేటు సీను పెట్టించింది. ఈసారి నర్సమ్మ వేరేగా మాట్లాడింది. “‘చెప్పకుండానే పోదామనుకున్నానండీ. మీరు చూశారు కాబట్టి చెప్తున్నాను. మిమ్మల్ని తలుచుకునే పని కూడా నాకు లేదండీ’ అంటోంది చూడండి, పాపం ఆ పిల్ల.” ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇంట్లో పనుందని వెళ్ళిపోయింది. అత్తయ్య ఆ గ్లాసులో మిగిలిన టీ చూసి, “చక్కెర తక్కువైందేమో” అంది.

“మొన్న అలా అనలేదు కదత్తయ్యా నర్సమ్మ?” అని అడిగాను.

“ఆట కదమ్మా. ఆడినప్పుడల్లా ఒక్కోలా అంటారు.”

నమ్మాను. అదే సీనులో ఒకసారి వాన పడేది, ఒకసారి పడేది కాదు. వాన మారినప్పుడు మాటలు మాత్రం ఎందుకు మారవనుకున్నాను. మేం ఇంట్లో చూసిన మొదటి గేము అది, నాకేం తెలుసు.

ఆ ఏడాదే నాన్నగారు పోయారు. గుండెనొప్పి వస్తే గూడెం నుంచి ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. నాకు ఆరోజు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. కబురంది నేను వెళ్ళేసరికి అయిపోయింది. అమ్మ లోపల మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. సాయంత్రం కొల్లేటి లంకల నుంచి మా పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మంటే అమ్మకి అక్క మాత్రమే కాదు. మా అమ్మమ్మ పురిట్లోనే పోతే అమ్మకి జడ వేసి, అన్నం పెట్టి పెంచింది ఆవిడే. లోపలికి రాలేదు. వరండాలోనే నిలబడి అత్తయ్యతో ఏదో మాట్లాడి, అటునుంచి అటే వెళ్ళిపోయింది.

అత్తయ్య లోపలికి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఎదురింటి కోడలి చెయ్యి పట్టుకున్నట్టే అమ్మ చెయ్యి పట్టుకుంది. “వదినగారూ, మీ అక్కయ్యగారు ఒక మాట చెప్పమన్నారండీ. వాళ్ళమ్మాయి పెళ్ళి దగ్గర పడింది కదా, కొన్నాళ్ళు మీరు అటువైపు రాకపోతే బాగుంటుందటండీ” అంది. శవం ఇంకా ఇంటికి చేరలేదు. అమ్మ తలెత్తలేదు. చెప్పింది ఆవిడ, భోరుమని ఏడ్చిందీ ఆవిడే. అత్తయ్య ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. పోయింది ఆవిడ అన్న కదా, అందుకనుకున్నాను.

ఆరోజుతో అమ్మకీ పెద్దమ్మకీ మాటలు పోయాయి. పెద్దమ్మ కర్మకి రాలేదు, అమ్మ ఆ పెళ్ళికి వెళ్ళలేదు. అక్క అన్న మాటే అమ్మ నోట రాలేదు. కానీ మా వీధిలోకి కొల్లేటి వైపు నుంచి ఎండుచేపలమ్మే ఆవిడ వచ్చినప్పుడల్లా అమ్మ బేరం అయ్యాక, గుమ్మం పట్టుకుని, “లంకల్లోకి నీళ్ళెక్కాయా ఈసారి?” అని అడిగేది. ఎండాకాలంలో కూడా అడిగేది.

నాన్న పోయాక నేను తిరిగి వట్లూరు వచ్చిన ఆదివారం అత్తయ్య కానిస్టేబులుగారి సీను పెట్టమంది. అందులో ఆ ముసలాయన మంచం మీద ఉంటాడు, మనం తలుపు తోసుకుని వెళతాం. కళ్ళు తెరిచి ఒక్క ముక్క అని మూస్తాడు. “‘మీకోసం గుమ్మం వైపే చూస్తున్నానండీ. కాస్త ముందొస్తే మీ సొమ్మేం పోయింది’ అంటున్నారమ్మా” అంది అత్తయ్య. నేను కంట్రోలర్ అక్కడ పెట్టి బాత్రూంలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాను. తలుపవతల నుంచి మెత్తగా అడిగింది, “పెసరట్టు వెయ్యనా అమ్మడూ?” అని. ఆ తర్వాత నేను ఆ ఆట ఆడలేదు, ఇంటర్ అవ్వగానే హాస్టలుకి మారిపోయాను. ఆవిడంటే అసహ్యం వేసింది. చాలా ఏళ్ళు దాన్ని అలాగే ఉంచుకున్నాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక చుట్టాలు తగ్గారు. హాల్లో ఆవిడ ఫోటో, దండ, దీపం. బావ ఏంచెయ్యాలో తోచక టీవీ పెట్టాడు. ఆ గేము మళ్ళీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారట, కొన్నాడట. “నువ్వు ఇది తెగ ఆడేదానివటగా. నీకు ఏ సీనిష్టం?” అన్నాడు. “నాకు గేటు దగ్గరిది” అని అతనే పెట్టాడు, సౌండుతో.

ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు నాకు ఇంగ్లీషు ఇబ్బంది లేదు, నా ఉద్యోగమే దాంతో. గేటుకి వీపు ఆనించి, వణుకుతూ, ఆ పిల్ల అన్నది ఇది: ఇది నేను పట్టుకుంటాను, మీరు వెళ్ళండి. నాకు ఇల్లంటూ లేదు. మీతో నడిచినన్నాళ్ళూ ఇదే ఇల్లనుకున్నాను.

బావ ఉండిపోవడం నొక్కాడు. ఇద్దరూ కలిసి పట్టుకుంటే గేటు నిలిచింది. “ఉండిపోతే ఆ పిల్ల బతుకుతుందిగా. నీకు తెలీదా? అమ్మ అంతా చదివి చెప్పేదిగా నీకు” అన్నాడు. భోజనాల సీను పెట్టమన్నాను. కమ్మరి వడ్డించి అన్నది ఒక్కటే మాట, తినండి, దూరం వెళ్ళాలి అని. పులుసు మాట లేదు, కొడుకు మాట లేదు. “ముసలి సైనికుడు చచ్చిపోయేది పెట్టనా?” అన్నాడు బావ. వద్దన్నాను. అది వినే ధైర్యం నాకు లేదు, ఇప్పటికీ వినలేదు.

ఫోటోలోంచి అత్తయ్య మర్యాదగా చూస్తోంది. ఆ దండ పీకి పారెయ్యాలనిపించింది. నర్సమ్మ కోసం కాదు. ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. ఇంత మంచి మాటని అంత పాడుమాటగా చెప్పగలిగిన మనిషి ఆరోజు పెద్దమ్మ మాటని ఏం చేసి ఉంటుంది? పాపం పెద్దమ్మ ఏం చెప్పమని పంపిందో, చెల్లెల్ని తన దగ్గరికొచ్చి ఉండమందో ఏమో. ఆ మాట అమ్మకి చేరకుండానే ఇన్నేళ్ళు గడిచిపోయాయి. అమ్మకి ఇప్పుడు మోకాళ్ళు వంగట్లేదు, పెద్దమ్మ అంతకంటే పెద్దది. ఇంకా ఆలస్యం చేస్తే కలపడానికి ఇద్దరూ ఉండరు.

అమ్మకి చెప్పకుండా కైకలూరు బస్సెక్కాను. దారి పొడుగునా రెండు పక్కలా చేపల చెరువులే. నేను వెళ్ళేసరికి పెద్దమ్మ పెరట్లో పీట మీద కూర్చుని కొర్రమీనుకి బూడిద రాసి తోముతోంది. నన్ను గుర్తుపట్టింది. లేవలేదు.

“మీ అత్త పోయిందంటగా” అంది.

“పోయారు పెద్దమ్మా. అందుకే వచ్చాను. నాన్న పోయినరోజు వరండాలో ఆవిడతో మీరేమన్నారో చెప్పండి.”

“మీ అత్త ఏమని చెప్పింది?”

చెప్పాను. పెళ్ళి దగ్గర పడింది, కొన్నాళ్ళు రాకపోతే బాగుంటుందటండీ అని. పెద్దమ్మ చేప తోమడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

“అంతేనా చెప్పింది?”

“అంతే.”

“మొగుణ్ణి మింగింది, ఇక నా పిల్ల సంసారం మీద పడుద్ది, దాని నీడ నా గుమ్మంలో పడ్డానికి వీల్లేదన్నాను. పుట్టగానే మా అమ్మని మింగింది, అప్పుడే కొల్లేట్లో పారేయాల్సింది, పెంచి తప్పు చేశానన్నాను. ఆయన బదులు అదే పోయినా ఊరికి పీడ పోయేదన్నాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పమన్నాను.” మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. “మీ అత్త ‘అలాగేనండీ, చెప్తానండీ’ అని తలూపింది. దొంగమొహంది.”

“అప్పుడేదో కోపంలో అన్నారు. ఇప్పుడు…”

“ఇప్పుడేంటి? నా కూతురు పసుపు కుంకాలతో చల్లగా ఉంది. ఆరోజు నేను గట్టిగా ఉన్నాను కాబట్టే ఉంది. ఇప్పుడడిగినా అదే అంటాను. నువ్వన్నా సరిగ్గా చెప్పు.”

ఎండ మండుతోంది. నేను లేస్తుంటే కూర్చోమంది. ఆ చేపే కోసి, పులుసు పెట్టి, పళ్ళెం నా ముందుకు తోసింది. “తిను. దూరం వెళ్ళాలి” అంది. తిన్నాను. అచ్చం మా అమ్మ చేతి పులుసు. నేర్పింది ఈవిడే కదా.

బస్సులో అత్తయ్యని తలుచుకున్నాను. ఆవిడ లేనిపోని విషం కక్కిందని నేను కొండంత కోపంతో వెళ్ళాను. సాయిబుగారి భార్యని ఏడిపించింది, నన్ను ఏడిపించింది, ఆటలో పిల్లని కూడా వదల్లేదు. అన్న చచ్చిపోయిన రోజున మాత్రం, చేతికి అంత పదునైన కత్తి అందిస్తే, అమ్మ దాకా తేకుండా తనలోనే దాచుకుంది. అప్పుడు ఏడ్చింది అందుకేనేమో, నాకు తెలియదు. ఆవిడని క్షమించాలని లేదు. క్షమించకుండా ఉండటం కూడా ఇదివరకంత తేలిగ్గా లేదు.

గూడెంలో ఇంటికి చేరేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది. నా దగ్గర చేపల వాసన పసిగట్టింది.

“ఎక్కడికెళ్ళావు?”

“పెద్దమ్మ దగ్గరికి.”

అమ్మ చేటలో వేళ్ళు కదపడం ఆపలేదు. “ఏమంది?” అని అడిగింది.

ఆ అడగడంలో ఎన్నేళ్ళ ఆశ ఉందో నాకు వినిపించింది. నేను పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకున్నాను. “బాగా పెద్దదైపోయిందమ్మా. ఆరోజు పెళ్ళి హడావిడిలో తొందరపడ్డానంది. నిన్ను ఒక్కసారి చూడాలని ఉందంది. చెల్లి ఎలా ఉందే అని మరీ మరీ అడిగింది” అన్నాను.

అమ్మ అంతా విని, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. చేటలోంచి ఒక మట్టిబెడ్డ తీసి అవతల పారేసింది.

“మా అక్క జన్మలో ‘బాగుంటుంది’ అనే మాట అనలేదే. ఆరోజు మీ అత్తయ్య అలా చెప్తుంటేనే, లోపల ఎంత ఉందో నాకు తెలిసింది. అందుకే ఎప్పుడూ వెళ్ళి అడగలేదు. ఆవిడ చెప్పినదాన్నే పట్టుకుని ఇన్నాళ్ళూ ఉన్నాను. ఇప్పుడు నువ్వెళ్ళి అడిగొచ్చావు.”

అమ్మ చేట ఎత్తి ఒకసారి చెరిగి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

“మీ అత్తయ్య అయితే ఇంకాస్త నమ్మేటట్టు చెప్పేది” అంది.